ఈత అలవాటేనా

మా ఊళ్ళో నన్ను ఉత్త కోమల అని పిలిచేవాళ్ళు లేరు. అందరికీ నేను దుబాయి కోమలను. దుబాయి నేను చూసింది లేదు. అది ఎటువైపు ఉంటుందని అడిగితే ఆకాశం వైపు చెయ్యెత్తి చూపిస్తాను, విమానం అటే కదా పోయేది. మా ఆయన సంపత్ అక్కడ పని చేశాడు కాబట్టి ఆ బిరుదు నాకు తగిలించారు. పెళ్ళయిన కొత్తలోనే వెళ్ళాడు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు, వాడకట్టంతా సబ్బులూ సెంటు సీసాలూ పంచేవాడు, నాకు అలవాటయ్యేలోగా మళ్ళీ వెళ్ళిపోయేవాడు.

అక్కడ ఎడారిలో మోటార్లు పెట్టి నీళ్ళను ఉరికించి, వాగులాంటిది ఒకటి తయారు చేశారట. దాని మీద గాలి పడవల్లో డబ్బున్నవాళ్ళను తిప్పుతారట. సంపత్ ఆ పడవలు కడిగే పనిలో చేరి, చివరికి వాటిని నడిపే పని దాకా వచ్చాడు. పోయినేడు ఇంటికి వచ్చినప్పుడు మా ఎర్రవాగు ఒడ్డున కూర్చుని చాలాసేపు నీళ్ళనే చూశాడు. "మనకు దేవుడిచ్చిన వాగుండంగ, గా మోటారు వాగుకాడ నేనేం చేస్తున్ననే?" అన్నాడు. నాకైతే ఆ మాటకు లేచి దండం పెట్టాలనిపించింది.

లక్సెట్టిపేట నుంచి అడవిలోకి వస్తే మా ఊరు. ఊరి వెనక టేకు అడవి, దాని మధ్య నుంచి ఎర్రవాగు దిగి గోదావరిలో కలుస్తుంది. సంపత్ పాత గాలి పడవ ఒకటి తెచ్చాడు, డేరాలు తెచ్చాడు, అడవి ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతులు తెచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఒక్క మనిషి రాకముందే పడవ మీద కంపెనీ పేరు రాయించాడు. ఒక వీడియో తీసి ఫోన్లో పెట్టాడు. మనుషులు మాత్రం రాలేదు. మా మామ హనుమండ్లు రోజూ పొద్దున ఆ పడవను చూసి, "వడ్లారబోసుకోవడానికన్న పనికొస్తదా గిది?" అని అడిగేవాడు.

అంతలో ఏజెంటు ఫోన్ చేశాడు. పాత కంపెనీ వాళ్ళే మళ్ళీ పిలుస్తున్నారు, ఈసారి పెద్ద పని, బేస్తారం, అంటే గురువారం నాటికి పాస్‌పోర్టు ఇవ్వాలి. సంపత్ ఆ రాత్రి అన్నం మెతుకులు కెలుకుతూ, "గీ ఐతవారం ట్రిప్పు ఒక్కటి చూద్దాం. మంచిగైతే ఉంట. లేకుంటే పోత," అన్నాడు. ఆ ఐతవారానికి అప్పటికే ఒక పిలుపు వచ్చింది, అదే మొదటిది. నాకు ఆయన పోవడం ఇష్టం లేదు. ఈ మాట ఆయనకు చెప్పలేదు. చెప్తే నా కోసం ఉంటాడు, ఉండి నా మొహం చూసినప్పుడల్లా నిట్టూరుస్తాడు. అలాంటి మొగుడు ఇంట్లో ఉన్నా దుబాయిలో ఉన్నా ఒకటే.

ఆ ఫోన్ నేనే తీసుకున్నాను. మాట్లాడింది కరీంనగర్‌లో పేరున్న వకీలు కొండల్‌రావు గారు. పని మానేసి ఇంట్లో ఉంటున్నారు, భార్యతో కలిసి వస్తామన్నారు. వాళ్ళకు నచ్చితే పొద్దున నడకకు వచ్చే దోస్తులందరినీ పంపిస్తామన్నారు. తిండి సంగతి మాట్లాడుకున్నాం. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. అన్నిటికీ బరాబర్ అన్నారు. అప్పుడు సంపత్ నేర్పిన ప్రశ్న అడిగాను.

"మరి సార్, ఈత అలవాటేనా?"

అటువైపు గొంతు ఒక్కసారిగా తగ్గింది. "అలవాటా? చిన్నప్పటికెళ్ళి అలవాటే అమ్మా. గా వీడియో చూసే కదా ఫోన్ చేసిన. ఎంతసేపుంటది?"

"మీ ఇష్టం సార్. తనివితీర ఉండొచ్చు. అమ్మకు గూడ అలవాటేనా?"

"ఆమె ముచ్చట ఎందుకు గానీ, నాకైతే బగ్గ అలవాటు," అని ఇంకా తగ్గించి, "పొద్దుపొద్దుగాలనే అయితే మంచిగుంటది," అన్నారు.

నేనడిగింది నీళ్ళలో ఈత. ఆయన విన్నది ఈతకల్లు. వీడియోలో మా డేరాల వెనక ఈతచెట్లు కనబడ్డాయట, వాటికి కట్టిన కల్లు కుండలు, అవే లొట్లు, కూడా కనబడ్డాయట. షుగర్ వచ్చినప్పటి నుంచి భార్య లీలాబాయమ్మ ఆయనను కల్లు వాసన కూడా చూడనివ్వడం లేదు. అందుకే ఆ గుసగుస. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పెద్దమనిషి వయసులో కూడా ఎంత హుషారుగా ఉన్నాడో అనుకుని, "వకీలు సాబ్ చేపలెక్క ఈదుతడట, అమ్మకు గూడ వచ్చే ఉంటది," అని సంపత్‌కు చెప్పాను.

ఆ మాటతో సంపత్ దారి మార్చాడు. మా వాగులో కింది భాగం చెరువులా నిమ్మళంగా ఉంటుంది, అక్కడ ఎవరినైనా తిప్పొచ్చు. పైభాగంలో గుర్రాలగండి ఉంది. రెండు గుట్టల నడుమ రాళ్ళ మీది నుంచి నీళ్ళు గుర్రాల మందలా ఉరుకుతాయి. అసలు సరదా అక్కడే. కానీ ఈత రానివాళ్ళను, ఒంటికి జాకెట్ కట్టినా సరే, ఆ గండిలోకి తీసుకుపోనని సంపత్ ఒట్టు పెట్టుకున్నాడు. ఈత వచ్చినవాళ్ళు దొరికారని ఆయన సంబరం చూడాలి.

శనివారం పొద్దున ఇద్దరూ కారు దిగారు. కొండల్‌రావు గారు పొడుగ్గా, మీసాలతో, వీపు మీద తన కన్నా పెద్ద సంచితో ఉన్నారు. లీలాబాయమ్మ పొట్టిగా, మొదటిసారి పంజాబీ డ్రెస్ వేసుకున్నట్టు దాన్ని మాటిమాటికీ లాక్కుంటూ ఉంది. దిగగానే ఆమె నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, ఈయనకు తీపి పెట్టకు, అన్నం ఎక్కువ పెట్టకు, జర కనిపెట్టుకోని ఉండు," అంది. అడవి చూడాలని ఆమెకేమీ లేదు, మొగుడి షుగర్‌కు కాపలా కోసం వచ్చింది.

డేరాలూ మడతపెట్టిన పడవా సంపత్ ముందు రోజే పైకి చేరవేశాడు, మేము సంచులు వేసుకుని నడక మొదలుపెట్టాం. దసరా వెళ్ళి అప్పటికి ఎంతో కాలేదు, అడవి ఇంకా పచ్చగానే ఉంది. టేకు ఆకులు పెద్దపెద్దవి నేల మీద పడి, కాలు పెడితే అప్పడాల్లా విరుగుతున్నాయి. లీలాబాయమ్మ ముందు ముందు నడుస్తోంది. వకీలు సాబ్ గుట్ట ఎక్కేటప్పుడు కోర్టులో వాయిదా అడిగినట్టు అడుగడుగుకీ ఆగమంటున్నారు. ఆగినప్పుడల్లా సంపత్ దగ్గరికి జరిగి చెవిలో అడిగేవారు.

"ఈత ఇంకెంత దూరం?"

"రేపు పొద్దుగాల సార్. గండి కన్న ముందు ఒక మడుగున్నది. ఆడ."

"మడుగు నిండా?"

"నిండ ఉంటది సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

"మా ఆమె చూస్తదేమో."

"చూస్తే ఏమైతది సార్? అమ్మను గూడ దింపుదాం."

ఆయన సంపత్ భుజం తట్టి, "నువ్వు మొనగానివయ్యా," అన్నారు. ఆ తర్వాత గుట్టను ఆగకుండా ఎక్కేశారు. నేను వెనక నుంచి విని, ఈ వయసులో కూడా భార్య ముందు ఈత కొట్టడానికి సిగ్గుపడుతున్నాడు, ఎంత మంచి మనిషి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రం వాగు ఒడ్డున డేరాలు వేశాం. రొట్టెలు నేను చేస్తుంటే లీలాబాయమ్మ వచ్చి పక్కన కూర్చుని తానూ రెండు చరిచింది. మధ్య మధ్య వాగు వైపు చూస్తోంది. "నీళ్ళు సల్లగుంటయా?" అని అడిగింది. సల్లగానే ఉంటాయన్నాను. మళ్ళీ రొట్టె అందుకుంది. సంపత్ మాత్రం పడవకు గాలి కొడుతూ, నేను ఎన్నడూ వినని పాట ఏదో ఈల వేస్తున్నాడు.

పొద్దున జాకెట్లు కట్టి, నెత్తికి టోపీలు పెట్టి, తెడ్డు పట్టడం నేర్పి, పడవ దింపాం. వెనక సంపత్, ముందు వాళ్ళిద్దరూ, నడుమ నేను. మొదట చిన్న చిన్న రాళ్ళ మీద నీళ్ళు గలగలమంటూ పడవను ఊయల ఊపాయి. వకీలు సాబ్ ఒకసారి తెడ్డును నీళ్ళలో వేయబోయి గాలిలో వేసి, నా ఒళ్ళో పడ్డారు. లీలాబాయమ్మ నవ్వి నవ్వి దగ్గింది. ఒడ్డున కోతులు వరసగా కూర్చుని మమ్మల్ని చూశాయి. ఒక మూల తిరిగేసరికి వాగు వెడల్పయి, నీళ్ళు పచ్చగా, కదలకుండా నిలబడ్డాయి. అదే మడుగు. దాని అవతల నుంచి గుర్రాలగండి చప్పుడు వినబడుతోంది.

పడవను బండకు కట్టి దిగాం. లీలాబాయమ్మ కాస్త దూరంలో కూర్చుని తడిసిన చున్నీ పిండుకుంటోంది. సంపత్ చేతులు చాచి, "ఇగ మీ ఇష్టం సార్. కావల్సినంత ఈత," అన్నాడు.

కొండల్‌రావు గారు భార్య వైపు ఒకసారి చూసి, ఆమెకు వీపు తిప్పి, సంచిలోంచి స్టీలు గిలాస తీశారు. అటు చూశారు, ఇటు చూశారు.

"ఏదీ?" అన్నారు.

"ఏంది సార్?"

"ఈత."

సంపత్ మడుగు చూపించాడు. "ఇగో, గిదే."

ఆయన గిలాస పట్టుకుని నీళ్ళ వైపు చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అడిగారు, "నీళ్ళల్ల కలిపిండ్రా?"

"ఏం కలుపుతరు సార్?"

"కల్లు."

ముందు నాకు అర్థమైంది, నా తర్వాత సంపత్‌కు, ఆఖరున లీలాబాయమ్మకు. ఆమె లేచి వచ్చి మొగుడి చేతిలోంచి గిలాస తీసుకుంది. "అడవి చూద్దాం, పిట్టలను చూద్దాం, ప్రకృతి అని నన్ను గుట్టలెక్కిచ్చింది గిందుకా?" అంది. వకీలు సాబ్ ఎన్నో కేసులు గెలిచి ఉంటారు గానీ, ఈ కేసులో ఖాళీ చేతిని జేబులో దాచుకున్నారు.

"అంటే సార్, మీకు ఈత రాదా?" అన్నాడు సంపత్.

"మా బావిల దిగుడుమెట్లు తప్ప నాకు నీళ్ళతోని సంబంధం లేదయ్యా."

సంపత్ నా వైపు తిరిగాడు. "ఈతొస్తదని చెప్పినవు గదనే."

నాకు ఒళ్ళు మండింది. "నేను ఈతనే అడిగిన. గాయన ఈతనే చెప్పిండు. రెండింటికి ఒక్క పేరు పెట్టినోన్ని పోయి అడుగు, నన్నెందుకు అంటవ్?"

ఆయన పడవ దగ్గరికి పోయి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడి నుంచి గాలి తీసి, మడతపెట్టి, ఒడ్డు వెంట నడుచుకుంటూ పోవడమే. గండి లేదు, సరదా లేదు. వాళ్ళు కరీంనగర్ పోయి ఏం చెప్తారు? కల్లు లేదు, పడవ లేదు, నడిపించి నడిపించి చంపారని చెప్తారు. నేను దగ్గరికి పోతే తల ఎత్తకుండానే, "బేస్తారం నాడు పాస్‌పోర్టు ఇచ్చొస్త," అన్నాడు. మెల్లగా అన్నాడు, నాకొక్కదానికే వినబడింది.

"ఏమయ్యా," అని లీలాబాయమ్మ పిలిచింది. "గా గండి దాటాల్నంటే ఈత రావాలె, గంతేనా?"

"గంతే అమ్మా."

"నాకొస్తది."

"ఏమొస్తది?" అన్నారు కొండల్‌రావు గారు.

"మీకు రానిది."

ఆమె జాకెట్ బకిల్ విప్పింది. సంపత్ కంగారుగా అది విప్పొద్దన్నాడు. "గిది కట్టుకుంటే ఎవలైన తేలుతరు. ఈత చూడాల్నంటే ఇట్లనే చూడాలె," అని టోపీ తీసి బండ మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి మొగుడి చేతిలో పెట్టింది. సంపత్ తాడు చుట్ట పట్టుకుని బండ మీద నిలబడ్డాడు. నేను నడుము లోతు దాకా దిగాను. లీలాబాయమ్మ చున్నీని నడుముకు బిగించి, బండ అంచుకు పోయి, ముక్కు మూసుకోకుండా, కళ్ళు మూసుకోకుండా దూకింది.

నీళ్ళు మూసుకున్నాయి. వకీలు సాబ్ కళ్ళద్దాలు పట్టుకుని, "లీలా," అన్నారు. ఇంకోసారి అన్నారు. మడుగు నడుమ తల తేలింది. తెల్ల వెంట్రుకలు నెత్తికి అతుక్కుపోయి, నోట్లో నీళ్ళు ఊసి, ఆమె నవ్వుతోంది. ఆ తర్వాత చేతులు బారలు చాపుతూ అవతలి ఒడ్డు ముట్టి, తిరిగి వచ్చింది. వెల్లకిలా పడుకుని కాసేపు ఆకాశం కూడా చూసింది.

"మాది గోదారి ఒడ్డు గదా," అంది బండ పట్టుకుని రొప్పుతూ. "పొద్దూకులు నీళ్ళల్లనే ఉంటుంటిమి. పెండ్లయినంక మీ ఇంట్ల ఆడోళ్ళు బావికాడికి గూడ పోవద్దంటిరి. ఇగ యాడ ఈదాలె?"

"నాకు ఎన్నడు చెప్పలే నువ్వు."

"మీరడిగిన ఈత వేరే ఉండె గదా."

ఈసారి అందరికన్నా ముందు నవ్వింది వకీలు సాబే.

ఏర్పాటు మారింది. లీలాబాయమ్మ మళ్ళీ జాకెట్ కట్టుకుని, టోపీ పెట్టుకుని సంపత్‌తో పడవలో గండి దిగుతుంది. నేను వకీలు సాబ్‌ను ఒడ్డు మీది కాలిబాట వెంట నడిపించుకుని గండి కిందికి తీసుకుపోతాను. ఆయన కళ్ళద్దాలు తన దగ్గరే ఉన్నాయని గుర్తొచ్చి పడవ దాకా ఉరికి ఇచ్చి వచ్చారు. నేను వాటికి తాడు కట్టి ఆమె తల వెనక ముడేశాను.

బాట ఈతవనం గుండా పోతుంది. మా ఊళ్ళో కల్లు గీసే పర్శరాములు చెట్టు మీద ఉన్నాడు. కింద లొట్టి అప్పుడే దింపినట్టుంది, నురుగు పొంగుతోంది, తీయటి వాసన బాట దాకా కొడుతోంది. "సార్, గిలాసెడు తాగిపోతరా?" అని పై నుంచి పిలిచాడు. కొండల్‌రావు గారు తల కూడా ఎత్తలేదు. "నడువమ్మా, జల్దీ నడువు. పడవ కనబడ్తలేదు," అన్నారు. నిన్న గుట్టకు వాయిదాలు అడిగిన మనిషి నాకన్నా ముందు ఉరుకుతున్నారు.

గండి పక్కన పెద్ద బండ ఉంది. దాని మీద నిలబడ్డాం. కింద నీళ్ళు తెల్లగా, మాట వినబడనంత చప్పుడుతో పోతున్నాయి.

"పడిపోతే?" అని అరిచారు ఆయన.

"జాకెటున్నది సార్. ఈత గూడ వస్తది."

"నీ మొగడు మంచిగ నడుపుతడా?"

ఏం చెప్పాలి? నేను ఆయన గండిలో పడవ నడపడం ఎన్నడూ చూడలేదు. ఫోన్లో మొహం చూశాను, సబ్బుల పెట్టె చూశాను, అన్నం కెలుకుతుంటే చూశాను. "నడుపుతడు సార్," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

పడవ మూల తిరిగింది. పైనుంచి చూస్తే చిన్న చెప్పులా ఉంది. మొదటి రాయి మీద ముక్కు పైకి లేచింది, వకీలు సాబ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. పడవ పక్కకు తిరిగిపోతుంటే సంపత్ తెడ్డును ఒక్క గుంజు గుంజి మళ్ళీ ముందుకు తిప్పాడు. లీలాబాయమ్మ ఆయన చెప్పినప్పుడల్లా తెడ్డు వేస్తోంది, చెప్పగానే ఆపుతోంది. నీళ్ళు వాళ్ళను నిలువునా ముంచేసి వదిలాయి. ఆ తెల్లటి నురగలోంచి బయటికి వచ్చిన సంపత్ మొహం చూశాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఈ మనిషి నాకు ఇంతవరకూ పరిచయం లేడు. మా పెళ్ళి ఫోటోలో కూడా ఇట్లా లేడు. నాకు అంత సంతోషంలోనే భయమేసింది. మళ్ళీ పోతాడు, పోయి ఆ మోటారు వాగులో ఎవరికో ఈ మొహం చూపిస్తాడు, నాకు ఫోన్లో మిగిలిందే వస్తుంది.

"చూసినవా అమ్మా," అన్నారు వకీలు సాబ్. కళ్ళు తుడుచుకుంటున్నారు. నీళ్ళ తుంపర అక్కడి దాకా రాదు. "ఇన్నేండ్లు ఒక్క కంచంల తిన్నం. గామె ఇట్ల నవ్వుతదని నాకు ఎవలు చెప్పలే."

"నాకు గూడ సార్," అన్నాను.

దిగి ఒడ్డుకు పోయేసరికి పడవ ఇసుకలోకి ఎక్కింది. లీలాబాయమ్మ దిగింది, నోరు ఆగడం లేదు. ఎక్కడ ఎగిరిందీ, ఎక్కడ మునిగిందీ మొగుడికి చేతులతో చూపిస్తోంది. ఆయన తన తువ్వాలుతో ఆమె తల తుడుస్తూ ఊ కొడుతున్నారు. సంపత్ పడవలోని నీళ్ళు తోడుతున్నాడు. నవ్వు దిగిపోయింది. ట్రిప్పు మంచిగైందా లేదా అని ఆయనకే తెలియనట్టుంది. వాళ్ళిద్దరూ ఏమంటారో అని నేను పడవ తాడు పట్టుకుని నిలబడ్డాను.

లీలాబాయమ్మ ఆయన వైపు తిరిగింది. "సంపత్, మా వాడకట్టుల నా దోస్తులున్నరు. కిట్టీ పార్టీలు చేసుకోని చేసుకోని యాష్టకొచ్చిండ్రు. నేను పోయి గీ ముచ్చట చెప్తే ఊకోరు. ఎనిమిది మందో తొమ్మిది మందో వస్తరు. కానీ ఒక్కదానికి గూడ ఈత రాదు. నీళ్ళ ఈత," అని మొగుడి వైపు చూసి మళ్ళీ అంది, "నువ్వు నేర్పుతవా?"

సంపత్ తోడడం ఆపాడు. చేతిలో చెంబు అట్లాగే ఉంది.

"గంత మందికి అంటే ఒక్క ఐతవారంల అయ్యేది కాదమ్మా," అన్నాడు. "ముందు కింది మడుగుల మొదలుపెట్టాలె. గండి దిగాల్నంటే ఎండకాలం దాక పడుతది. వానలు పడి నీళ్ళు మారినంక మళ్ళ మొదటికెళ్ళి నేర్చుకోవాలె."

"పట్టనీ. మేము యాడికి పోతం? నువ్వేమన్న పోతవా?"

ఆయన జవాబు చెప్పే ముందు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు. తడి వెంట్రుకలు కళ్ళ మీద పడుతుంటే పక్కకు నెట్టుకుని, నా మొహంలో ఏదో చదువుతున్నట్టు చూశాడు. అప్పుడైనా చెప్పకపోతే నాకన్నా మొద్దు ఉండదనిపించింది. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుని తిరిగిన మాట వకీలు సాబ్ ముందే, లీలాబాయమ్మ ముందే అనేశాను.

"పోకు. నాకు నువ్వు ఈడనే కావాలె."

సంపత్ చెంబు కింద పెట్టాడు.

"యాడికి పోత అమ్మా," అన్నాడు లీలాబాయమ్మతో. "ఈడనే ఉంట."